మెరుపు పడిన ఫోటోలన్నీ పోటీకి పనికిరావు: ఒక కేస్ స్టడీ

రాజమండ్రిలో నాకు చిన్న స్టూడియో ఉంది. పాస్‌పోర్టు ఫోటోలు, లామినేషన్లు, సీజన్‌లో పెళ్లిళ్లు. బతుకుతెరువు అదే. అది కాక, అమెచ్యూర్ పోటీలకు పంపే ఫోటోలు పట్టుకుని ఎవరైనా వచ్చి “ఒకసారి చూసి చెప్పండి” అంటే షట్టర్ సగం దించి కూర్చుంటాను. ప్రింట్ల ఖర్చు తప్ప ఏమీ తీసుకోను. ఇన్నేళ్లలో గోదావరి హారతులు, పాపికొండల పడవలు, ముసలివాళ్ల ముడతలు వందల్లో చూశాను. మెరుపులు పట్టుకుని వచ్చిన మొదటి మనిషి ఈ పెద్దాయనే. ఆయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం వద్దన్నారు. ఎందుకో మేడ సంగతి దగ్గరికొచ్చేసరికి మీకే అర్థమవుతుంది.

ఆయనకు 56 ఏళ్లు. ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. అమ్మాయి మొదటి జీతంతో కొనిచ్చిన కెనాన్ 1500డీ, దాంతో వచ్చిన 18-55 కిట్ లెన్సు, గాలి గట్టిగా వీస్తే వణికే ట్రైపాడ్. సరంజామా అంతే. మే నెలలో మూడు సాయంత్రాలు గాలివాన ముందు తీసినవి 214 ఫ్రేములు. అందులో మెరుపు పడ్డవి 17. వాటిలోంచి తొమ్మిది ఏరి పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చారు.

పోటీ అంశం “వానకు ముందు”. ఒకరు నాలుగు ఫోటోల దాకా పంపొచ్చు. పొడవు వైపు 1920 పిక్సెళ్లు, సైజు 2 ఎంబీ లోపు. క్రాప్ చేయొచ్చు, వెలుగు, రంగు సరిచేసుకోవచ్చు. కానీ ఒక్క ఎక్స్‌పోజర్‌లో, అంటే షట్టర్ ఒక్కసారి తెరిచి మూసేలోపు, తీసిందే అయి ఉండాలి, రెండు మూడు ఫోటోలు కలపకూడదు. అడిగితే రా ఫైలు, అంటే కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచిన అసలు ఫైలు, చూపించాలి. గడువు ఇంకా పదకొండు రోజులుంది.

నా దగ్గరికి వచ్చేసరికే ఆయన ఒక విడత ఫీడ్‌బ్యాక్ తీసుకున్నారు. ఇంటిపేరు మీద ఉన్న వాట్సాప్ గ్రూపులో తొమ్మిదీ పెట్టారు. “సూపర్ బాబాయ్”, “నైస్ క్లిక్ అన్నయ్యా”, దండాలు, చప్పట్లు. ఒక మేనల్లుడు మాత్రం “కాంట్రాస్ట్ పెంచండి మావయ్యా, అదిరిపోద్ది” అన్నాడట. ఈయన తొమ్మిదింటికీ పెంచేశారు. ఆకాశం వంకాయ రంగుకి తిరిగింది. ఇంకో చిక్కు కూడా ఉంది. వాట్సాప్ ఫోటోని నలిపి చిన్నది చేసి పంపుతుంది. చీకటి ఆకాశంలో నలుపు నుంచి బూడిదకి మెల్లగా మారాల్సిన చోట మెట్లుమెట్లుగా పట్టీలు కనిపిస్తాయి. ఆ పట్టీలు చూసి “మీ కెమెరా బాగోలేదేమో” అన్న చుట్టం కూడా ఉన్నాడు. రాత్రి ఫోటో ఎవరికైనా చూపించి మాట తీసుకోవాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి. లేదంటే వాళ్లు చూసేది మీ ఫోటో కాదు.

కథ తర్వాత చెప్పండి

పెన్‌డ్రైవ్ పెట్టానో లేదో ఆయన మొదలెట్టారు. “ఇది తీసిన రోజు చూడాలి మాస్టారూ, ఈదురుగాలికి గొడుగు ఎగిరిపోయి గోదాట్లో పడింది...” నేను చేత్తో ఆపాను. ఆయన చిన్నబుచ్చుకున్నారు. అయినా ఇది నేను మార్చుకోని పద్ధతి. గొడుగు గోదాట్లో పడిన సంగతి జడ్జీకి తెలియదు. ఆయన ముందు వందల ఫోటోలు ఉంటాయి, ఒక్కోదానికి దక్కేది కొద్ది సెకన్లు. నేను కూడా మొదటిసారి అలాగే చూడాలి. కథ ఒకసారి చెవిలో పడిందంటే ఫోటోలో లేనివి కూడా కనిపించడం మొదలవుతుంది.

మెరుపుల విషయంలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. కొంగ ఫోటో సరిగ్గా రాకపోతే రేపు పొద్దున్నే మళ్లీ వెళ్లొచ్చు. మెరుపు దొరకడమే అదృష్టం కాబట్టి దొరికిందల్లా బంగారంలా కనిపిస్తుంది. తీసినవాళ్ల కళ్లు తిన్నగా ఆ తెల్లగీత మీదికి పోతాయి, చుట్టూ ఏముందో చూడవు.

అందుకని రెండు పనులు చేశాను. కాంట్రాస్ట్ పెంచిన కాపీలు పక్కన పెట్టి, కాంట్రాస్ట్ పెంచకముందు ఉన్న ఫైళ్లను అలాగే 4-6 సైజులో ప్రింట్లు తీసి కౌంటర్ అద్దం మీద వరసగా పరిచాను. వెనక పెన్సిల్‌తో ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు వేశాను. తర్వాత తెల్లకాగితం సన్నగా చింపి, ఒక్కో ప్రింటులో మెరుపు ఉన్నంత మేర కప్పాను. “ఇప్పుడు చూడండి. మెరుపు లేకపోతే ఇందులో ఏముంది?”

చాలాసేపు చూశారు. టీ తెచ్చిన కుర్రాడు కూడా గ్లాసులు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. తొమ్మిదింటిలో నాలుగింట్లో కాగితం కింద నల్లటి చీకటి తప్ప ఏమీ లేదు. పెద్దాయన నిట్టూర్చి, “అంటే నేను తీసింది ఫోటో కాదు, మెరుపు ఒక్కటే అన్నమాట” అన్నారు. నేను చెప్పాల్సింది ఆయన నోటే వచ్చేసరికి నా పని సగం తేలికైంది.

ట్యూబ్‌లైటు సంగతి

ఒకటో నంబరు ఆయనకు ప్రాణం. మొదటిరోజు పడ్డ మొదటి మెరుపు. కానీ మెరుపు లావుగా, తెల్లగా, కొమ్మలన్నీ కలిసిపోయి ఒక ముద్దగా ఉంది. టీ కుర్రాడు “ట్యూబ్‌లైటా సార్?” అన్నాడు. నేను నవ్వలేదు గానీ వాడి మాటే సరైన ఫీడ్‌బ్యాక్. ఫైలు వివరాలు చూస్తే ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా చురుకుదనం) 800, లెన్సు కంత ఎఫ్ 4 (ఈ అంకె పెరిగేకొద్దీ కంత చిన్నదవుతుంది), షట్టర్ తెరిచి ఉన్నది 20 సెకన్లు. రెండో నంబరు దాని తర్వాత తీసింది. మెరుపు మరీ కాలిపోయిందని ఆయనకూ అనుమానం వచ్చి సమయాన్ని 20 నుంచి 10 సెకన్లకు తగ్గించారు. కింద ఊరు ఇంకా చీకటైంది, మెరుపు మాత్రం అంతే కాలింది.

ఇక్కడ ఆయనకు పెళ్లి ఫోటోగ్రఫీ చెప్పాల్సి వచ్చింది. మండపంలో ఫ్లాష్ కొట్టినప్పుడు ఆ వెలుగు కన్నుమూసి తెరిచేలోపు అయిపోతుంది. షట్టర్ ఎంతసేపు తెరిచి ఉన్నా ఫ్లాష్ వెలుగు పెరగదు, తరగదు. దాన్ని అదుపు చేసేవి లెన్సు కంత, ఐఎస్ఓ, ఈ రెండే. షట్టర్ సమయంతో మారేది వెనకాల సీరియల్ బల్బుల వెలుగు. మెరుపు కూడా ఆకాశం కొట్టిన ఫ్లాషే. ఒక మెరుపులో అదే దారిన మూడు నాలుగు సార్లు కరెంటు దూసుకుపోతుంది (అందుకే కంటికి రెపరెపలాడినట్టు కనిపిస్తుంది), అన్నీ కలిపినా సెకనులో కొంత భాగమే. కాబట్టి మెరుపు కాలిపోతుంటే ఐఎస్ఓ 100కి దించాలి, లెన్సు ఎఫ్ 8కో 11కో మూయాలి. కింద ఊరు చీకటిగా ఉంటే అప్పుడు సమయం పెంచాలి. దగ్గర మెరుపుకి కంత ఇంకా మూయాలి, దూరపు మెరుపుకి ఎఫ్ 5.6 దాకా తెరవొచ్చు.

ఇది విన్నాక ఆయన ఒకటో నంబరు ప్రింటు తానే తీసి బోర్లా పెట్టారు. నేను పెట్టమనలేదు.

మూడో నంబరు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఫోకస్ పోయింది. చీకట్లో ఆటోఫోకస్ వదిలేస్తే లెన్సు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. ఆ కిట్ లెన్సు మీద దూరం గుర్తులు కూడా ఉండవు. లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) అవతలి ఒడ్డు దీపాన్ని 10 రెట్లు పెద్దది చేసి, అది చిన్న చుక్కయ్యేదాకా చేత్తో తిప్పి, ఇక ముట్టుకోకూడదు. ఆ మొదటి సాయంత్రం ఇంకో పొరపాటు కూడా జరిగింది. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (ఎక్కువసేపు తీసిన ఫోటోలో చుక్కలు తగ్గించే సెట్టింగు) ఆన్‌లో ఉండిపోయింది. 20 సెకన్ల ఫోటో తీశాక కెమెరా ఇంకో 20 సెకన్లు కళ్లు మూసుకుని కూర్చుంటుంది. అంటే గాలివాన ఉన్నంతసేపట్లో సగం ఈయనకు దక్కనే లేదు.

తొమ్మిదిలో మూడింట్లో మెరుపు పైభాగమో కిందిభాగమో ఫ్రేము దాటిపోయింది. ఆయనకు అది తప్పుగా తోచలేదు. బళ్లో పిల్లలు గీసే మెరుపు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర అపాయం బోర్డు మీద ఉండే మెరుపు, రెండూ మూడు మడతల బాణంలా ఉంటాయి. మన బుర్రలో ఉన్న బొమ్మ అదే. ఫిలడెల్ఫియాలో విలియం జెన్నింగ్స్ అనే ఆయన 1880ల్లోనే మెరుపుని ఫోటో తీసి, చిత్రకారులు గీసే ఆ మడతల బాణం నిజం కాదని చూపించాడు. అసలు మెరుపు ఏటి పాయలా, చెట్టు వేరులా చీలుతుంది. వేరు ఎక్కడ మొదలైందో, ఎక్కడ నేలని తాకిందో కనిపిస్తేనే కంటికి తృప్తి. అందుకే వెడల్పుగా తీయాలి, లెన్సు జూమ్ 55 దగ్గర కాదు, 18-24 దగ్గర పెట్టి. క్రాప్ తర్వాత ఎలాగూ చేసుకోవచ్చు. కోసేసిన ఆకాశాన్ని మాత్రం అతికించలేం.

పడవలెన్ని?

నాలుగో నంబరు చూడగానే ఎవరైనా ఆగుతారు. గోదావరి అవతలి ఒడ్డున, కొవ్వూరు వైపు ఆకాశంలో ఒకేసారి మూడు మెరుపులు. పోటీలో ప్రైజు దీనికేనని గ్రూపంతా తేల్చేసింది. నాకూ మొదట గుండె ఝల్లుమంది.

రెండోసారి చూసినప్పుడు నా చూపు నీళ్ల మీద ఆగింది. చేపల పడవ దీపం ఒకటి, చిన్న గీతలాగా. కాస్త అవతల ఇంకో గీత. ఇంకా అవతల మూడోది. మూడూ ఒకే పొడవు, ఒకే రంగు, ఒకే వరసలో. మధ్యలో ఖాళీ.

“ఆ రాత్రి నీళ్ల మీద ఎన్ని పడవలున్నాయండీ?”

“ఒకటే.”

ఒక్క పడవ, ఒక్క ఎక్స్‌పోజర్ అయితే గీత తెగకుండా ఉండాలి. మూడు ముక్కలుగా ఉందంటే మూడు ఫ్రేములు. అడిగితే దాచలేదు. ఏదో వీడియో చూసి, మెరుపు పడ్డ మూడు ఫ్రేముల్ని ఫోన్ యాప్‌లో ఒకదాని మీద ఒకటి వేశారు. “అన్నీ నేను తీసినవే, అదే చోటు, అదే పావుగంట. ఇందులో మోసం ఏముంది మాస్టారూ?”

ఈ ప్రశ్నకి దులుపుకున్నట్టు జవాబు చెప్పడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఆయన అడిగింది న్యాయమే. షట్టర్‌ని 30 సెకన్లు తెరిచి ఉంచితే, అంతలో మూడు మెరుపులు పడితే, అది నిబంధనల ప్రకారం ఒక్క ఫోటో. అదే మూడు మెరుపులు మూడు పది సెకన్ల ఫ్రేముల్లో పడితే, కలపడం నిషేధం. చూసేవాడి కంటికి రెండూ ఒకలాగే ఉంటాయి. నేను చెప్పింది ఇదొక్కటే: ఇంటి గోడకి పెట్టుకోండి, క్యాలెండర్ వేయించుకోండి, ఫ్రేములు కలిపానని కింద రాయండి, ఎవరూ కాదనరు. ఈ పోటీ మాత్రం ఒక్క ఎక్స్‌పోజర్ అని ముందే చెప్పింది. రా ఫైలు అడిగిన రోజున మీరు నీళ్లు నమలాల్సి వస్తుంది. ఆఫీసులో ముప్పై ఏళ్లు ఫైళ్లు చూసిన మనిషి, రూలు అనేసరికి వెంటనే అర్థం చేసుకున్నారు. నిజానికి నాకన్నా బాగా.

మేడ మీద తీసింది

ఐదో నంబరు గురించి ఇప్పటికీ నాలో నాకే తేలలేదు.

ఇంటి మేడ మీద నుంచి తీశారు. ముందు రెండు కొబ్బరిచెట్లు, నల్లగా, మట్టలు గాలికి ఒకవైపు దువ్వినట్టు. వాటి మధ్యలోంచి మెరుపు పైనుంచి కింద దాకా, కొమ్మలతో సహా, ఒక్క చోట కూడా కాలకుండా. అప్పటికి ఐఎస్ఓ 100, ఎఫ్ 11. ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నారు. తొమ్మిదింటిలో ఫోటోగా ఇదే గట్టిది. కాగితం ముక్క కప్పినా ఆ కొబ్బరిచెట్లు నిలబడతాయి.

“ఉరుము ఎంతసేపటికి వినిపించింది?” అన్నాను.

ఆయన నవ్వారు. “అర్జునా ఫల్గుణా అనుకునే టైము కూడా లేదు మాస్టారూ. ఒకటి, రెండు అనేలోపే పగిలింది.”

చప్పుడు కిలోమీటరు రావడానికి మూడు సెకన్లు పడుతుంది. రెండు సెకన్లంటే ఏడు వందల మీటర్లు కూడా లేదు. తడిసిన మేడ మీద, చుట్టుపక్కల అందరికన్నా ఎత్తులో, ఇనుప కాళ్ల స్టాండు పక్కన నిలబడి ఉన్నాడు ఈ మనిషి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు కూడా లేవంటే అది పది కిలోమీటర్ల లోపు ఉన్నట్టు, అప్పటికే లోపలికి వెళ్లిపోయి ఉండాలి. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రాకూడదు. 2022లో మన దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారని ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర గణాంకాల సంస్థ) లెక్క. మన రాష్ట్రంలో 2018 ఏప్రిల్ 24న 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయని విపత్తుల నిర్వహణ సంస్థ చెప్పింది. ఇవన్నీ పేపర్లో చదివిన మనిషే ఆయన. అయినా మేడ ఎక్కారు.

“ఫోటో బాగుందా, లేదా? అది చెప్పండి” అన్నారు, కాస్త గట్టిగానే.

“చాలా బాగుంది. పంపొద్దు.”

ఒప్పుకోలేదు. ఆయన వాదన ఇదీ. జడ్జీకి నేనెక్కడ నిలబడ్డానో తెలియదు. మీరే కదా కథ వద్దన్నారు, ఫోటో ఒక్కటే చూడాలన్నారు. మరి ఇప్పుడు కథ ఎందుకు తెస్తున్నారు? నా మాట నాకే అప్పజెప్పారు. నా దగ్గర సరైన జవాబు లేదు. ఉన్నది ఒకటే కారణం: దీనికి ప్రైజు వస్తే వచ్చే మే నెలలో ఈయన మళ్లీ మేడ ఎక్కుతారు. చూసిన ఇంకో పదిమంది ఎక్కుతారు. అదే మాట చెప్పాను. ఫోటో మీద తీర్పు ఇవ్వడానికి కూర్చున్నవాడు మనిషి మీద తీర్పు ఇవ్వొచ్చా అంటే, ఇవ్వకూడదనే అనుకునేవాణ్ని. ఆ రోజు ఇచ్చాను. మళ్లీ ఇలాంటిది వస్తే మళ్లీ ఇస్తాను. ఫోటోకి మార్కులు తగ్గించి మాత్రం చెప్పను, బాగున్నదాన్ని బాగుందనే చెప్తాను.

చివరికి ఐదో నంబరు పక్కన పెట్టడానికి ఒప్పించింది నేను కాదు. మధ్యలో వాళ్లావిడ ఫోన్ చేశారు. ఆయన స్పీకర్‌లో పెట్టి ఉన్నారన్న సంగతి ఆవిడకి తెలియదు. “ఆ మేడ మీద ఫోటో గానీ పంపారో...” అని మొదలెట్టారు. మిగతాది రాయను.

ఆ తర్వాత ఆయనకి చెప్పిన ఉపాయం ఏమిటంటే, లాక్ ఉండే వైర్డ్ రిమోటు కొనుక్కోవడం. కొన్ని వందల రూపాయలకే వస్తుంది. గాలివాన ఇంకా దూరంగా ఉండగానే పిట్టగోడ ఉన్న బాల్కనీలో కెమెరా బిగించి, ఫోకస్ చూసుకుని, షట్టర్ 15 సెకన్లకి పెట్టి, డ్రైవ్ మోడ్ కంటిన్యూయస్‌లో ఉంచి, రిమోటు బటన్ నొక్కి లాక్ చేసి, తలుపు వేసుకుని లోపల కూర్చోవాలి. కెమెరా తన పాటికి తాను తీస్తూనే ఉంటుంది. పోతే కెమెరా పోతుంది. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ల దామిని యాప్ ఫోన్లో వేసి, పిడుగులు ఎంత దూరంలో పడుతున్నాయో చూడటం కూడా నేర్పాను. గోదావరి ఘాట్ మెట్లు కూడా బహిరంగమే, నీటి పక్కనే. అక్కడ పది కిలోమీటర్ల గీత దాటకముందే సర్దుకుని రావాల్సిందే.

మిగిలినవి

ఆరో నంబరు, 55 దగ్గర తీసింది, మెరుపు పైన తెగింది గానీ కింద కొవ్వూరు దీపాలు బాగున్నాయి. తొమ్మిదోదానికి అడ్డంగా కరెంటు తీగలు, ఘాట్ ఫ్లడ్‌లైటు లెన్సులో పడి పచ్చటి మచ్చ. ఆ తీగలు చెరిపేద్దామా అన్నారు. పోటీవాళ్లు వెలుగు, రంగు సరిచేయొచ్చు అన్నారు గానీ వస్తువులు తీసేయొచ్చని అనలేదు కదా అన్నాను. వదిలేశాం.

ఎనిమిదిలో అసలు మెరుపు గీతే లేదు. మబ్బు లోపల మెరిసి, మబ్బంతా లాంతరులా వెలిగింది. దాని ముందు ఆర్చ్ బ్రిడ్జి కమానులు నల్లగా వరసగా. నాకు బాగా నచ్చింది. ఆయనకి అంత కాదు, “మెరుపేదీ?” అన్నారు.

ఇక ఏడో నంబరు. రెండో సాయంత్రం ఘాట్ మెట్ల మీద నుంచి. ఎండాకాలం గాలివాన మాకు ఎక్కువగా కొవ్వూరు వైపు నుంచే కమ్ముకొస్తుంది, కాబట్టి ఒడ్డున నిలబడితే గోదావరి మీదుగా అది రావడం కనిపిస్తుంది. ఆర్చ్ బ్రిడ్జి కమానులు ఎడమ నుంచి చిన్నవవుతూ అవతలి ఒడ్డుకి పోతున్నాయి. అవి ముగిసే చోటికి కాస్త పక్కన, చిన్న మెరుపు. సన్నగా, వేరులా చీలి, నేల దాకా. కొవ్వూరు దీపాలు, నీళ్లలో వాటి నీడలు. ఐఎస్ఓ 100, ఎఫ్ 8, 20 సెకన్లు. ఉరుము వచ్చేసరికి దాదాపు నలభై లెక్కపెట్టానన్నారు, అంటే పదమూడు కిలోమీటర్లు. గ్రూపులో దీనికి ఒక్క చప్పట్ల బొమ్మ కూడా రాలేదట, మెరుపు చిన్నదని. కాగితం ముక్క కప్పితే కప్పిన చోటు వేలి గోరంత. మిగిలిందంతా ఫోటోయే. “వానకు ముందు” అన్న మాటకి కూడా ఇదే దగ్గర. వాన ఇంకా అవతలే ఉంది, మనం ఇవతల ఉన్నాం.

ఏడు, ఎనిమిది, ఆరు. మూడే పంపుదామన్నాను. “ఫీజు ఒకటే కదా, నాలుగోది పంపితే పోయేదేముంది?” అన్నారు. పోయేదేమీ లేదు నిజానికి, కానీ మిగిలినవాటిలో పంపదగ్గది లేదు.

ఏడో నంబరు రా ఫైలు మీద మూడు రాత్రులు కూర్చున్నాం. వైట్ బ్యాలెన్స్ 4000 కెల్విన్ దగ్గరికి తెస్తే వంకాయ రంగు పోయి ఆకాశం నీలం-బూడిదలోకి వచ్చింది. మే ఎండకి కెమెరా వేడెక్కి అక్కడక్కడా పడిన ఎర్రచుక్కలు తీశాం. మెరుపు చుట్టూ వెలుగు కొంచెం దించాం. కమానుల నలుపు మరీ బొగ్గు కాకుండా చూసుకున్నాం. పోటీకి పేరు కూడా పెట్టాలి. ఆయన “ప్రకృతి విలయ తాండవం” అని రాసుకొచ్చారు. జడ్జీ ముందు ఆ పేరుతో ఇంకో పాతిక ఫోటోలు ఉంటాయండీ అన్నాను. కాసేపు గింజుకుని “కొవ్వూరు వైపు” అని పెట్టారు. నాకు ఇప్పటికీ ఆ పేరు ఇష్టం.

ఫలితం

ఆరు, ఎనిమిది మొదటి విడతలోనే పోయాయి. ఏడు చివరి విడత దాకా వెళ్లింది, ప్రదర్శనకి తీసుకున్నారు, ప్రైజు రాలేదు. చివరి విడతకి వచ్చిన ఫోటోలకి జడ్జీలు ఒక ముక్క రాసి పంపుతారు. మాకు వచ్చిన ముక్క: వాతావరణం బాగుంది, ఫ్రేము కుడివైపుకి ఒరిగింది.

ఫోన్లో చదివి వినిపించారు. నేను నమ్మలేదు. ఫైలు తెరిచాను. బ్రిడ్జి వాలుగానే ఉంటుంది, అది మనకి దూరంగా పోతోంది కాబట్టి. అవతలి ఒడ్డు కూడా తిన్నగా ఉండదు. కాబట్టి వాటిని బట్టి చెప్పలేం. చూడాల్సింది ఫ్రేము మధ్యలో దీపాన్నీ, నీళ్లలో దాని నీడనీ. అవి రెండూ ఒకే నిలువు గీత మీద ఉండాలి, నీళ్లు అబద్ధం చెప్పవు. స్కేలు పెట్టి చూశాను. కొవ్వూరు దీపాలన్నిటి నీడలూ ఎడమకి జరిగి ఉన్నాయి. దాదాపు రెండు డిగ్రీలు.

ఘాట్ మెట్ల మీద ట్రైపాడ్ కాళ్లు మూడూ మూడు ఎత్తుల్లో పెట్టినప్పుడే జరిగింది అది. సరిచేయడానికి పట్టేది అర నిమిషం. మూడు రాత్రులు ఆ ఫోటోని రెండు వందల శాతం పెద్దది చేసి చూశాం ఇద్దరం. మెరుపు చుట్టూ వెలుగు ఎంత తగ్గించాలన్న దానిమీద వాదించుకున్నాం. వేలి గోరంత మెరుపు, దాన్నే చూస్తూ కూర్చున్నాం. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, కాగితం ముక్కలు కప్పించిన నేనే పడ్డాను. ఆయనకి ఫోన్ చేసి, తప్పు నాదే, చూసి చెప్పమని మీరు నా దగ్గరికి వచ్చారు, నేను చూడలేదు అన్నాను. “పోనీలెండి మాస్టారూ, ఘాట్ మెట్లదీ తప్పే” అన్నారు.

వారం తర్వాత సాయంత్రం స్టూడియోకి వచ్చారు. సంచిలోంచి తాపీమేస్త్రి వాడే రసమట్టం తీశారు, పసుపు రంగుది, జానెడు పొడవు. ట్రైపాడ్ తలమీద పెట్టి చూసుకోవడానికట. ఎలా పనిచేస్తుందో చూపిద్దామని ముందు నా కౌంటర్ అద్దం మీద పెట్టారు, తొమ్మిది ప్రింట్లు పరిచిన చోటే. బుడగ మెల్లగా ఎడమవైపుకి జారి అక్కడే ఆగిపోయింది.

“మీ కౌంటరే వంకర మాస్టారూ” అన్నారు.